టైటానియం మిశ్రమలోహాల ఉష్ణోపచారం

టైటానియం మిశ్రమలోహాలను నిర్ణీత ఉష్ణోగ్రతకు వేడిచేసి, తగిన వేగంతో చల్లార్చి, వాటి అంతర్నిర్మాణాన్ని, బలాన్ని మార్చే ప్రక్రియను ఉష్ణోపచారం అంటారు. విమాన ఇంజను భాగాలు, కృత్రిమ కీళ్ళు వంటివాటి మన్నిక దీనిపై ఆధారపడి ఉంటుంది.

స్ఫటిక నిర్మాణం

శుద్ధ టైటానియం 882° సెల్సియస్ వరకు షట్కోణ నిర్మాణం గల ఆల్ఫా రూపంలోను, ఆపైన ఘన నిర్మాణం గల బీటా రూపంలోను ఉంటుంది. అల్యూమినియం ఆల్ఫా రూపాన్ని, వనాడియం బీటా రూపాన్ని స్థిరపరుస్తాయి. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం గల మిశ్రమలోహంలో గది ఉష్ణోగ్రత వద్ద రెండు రూపాలూ ఉంటాయి. సుమారు 995° దాటితే అది పూర్తిగా బీటాగా మారుతుంది.

బలంపై ప్రభావం

ఈ లోహాన్ని సుమారు 950° వద్ద ఉంచి నీటిలో చల్లార్చితే బీటా భాగం మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఉక్కులోని మార్టెన్‌సైట్ వలె ఇది అంత కఠినమైనది కాదు. అందువలన లోహాన్ని మరల 500°-600° మధ్య కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు సూక్ష్మమైన ఆల్ఫా, బీటా కణాలు ఏర్పడి, తన్యతా బలం సుమారు 900 నుండి 1100 మెగాపాస్కల్‌లకు పెరుగుతుంది. దళసరి భాగాల లోపలి లోహం త్వరగా చల్లబడదు కాబట్టి, మందం సుమారు 25 మిల్లీమీటర్లు దాటితే ఈ ప్రయోజనం తగ్గుతుంది.

995° పైన వేడిచేస్తే రేణువులు పెద్దవై, చల్లబడినపుడు పలకల వంటి ఆల్ఫా ఏర్పడుతుంది. దీనివలన సాగే గుణం తగ్గినా, పగుళ్ళ వ్యాప్తిని నిరోధించే శక్తి పెరుగుతుంది.

జాగ్రత్తలు

గాలిలో వేడిచేస్తే ఆక్సిజన్ చొరబడి, ఉపరితలంపై పెళుసైన పొర ఏర్పడుతుంది. పదేపదే భారం పడినపుడు పగుళ్ళు అక్కడ మొదలవుతాయి. కనుక శూన్యంలో గాని, ఆర్గాన్ వాయువులో గాని వేడిచేస్తారు. లేదా ఆ పొరను తరువాత తొలగిస్తారు.

భారతదేశంలో, 1973లో హైదరాబాదులో స్థాపించబడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రమలోహాలను తయారుచేస్తుంది.