రైలు తెచ్చినవాళ్ళు, సరిహద్దు తెచ్చినవాళ్ళు

నాందేడులో ఉన్న మన తెలుగువాళ్ళని "మీరు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు?" అని అడిగి చూడండి. రెండు రకాల జవాబులు వస్తాయి. "మా తాత కాలంలో రైలెక్కి వచ్చాం" అని కొందరంటారు. "మేమెక్కడికీ రాలేదు, ఉన్నచోటనే ఉన్నాం" అని మరికొందరంటారు. రెండూ నిజమే. మా ఇంట్లో నాన్న తరఫువారిది మొదటి జవాబు, అమ్మ తరఫువారిది రెండోది. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు రైలు సంగతి. హైదరాబాదు నుంచి మన్మాడు వరకు గోదావరి లోయ రైలు మార్గం 1899-1901 మధ్య నడకలోకి వచ్చింది. మీటరు గేజి లైను, పొడవు 391 మైళ్ళు. నిజామాబాదు, బాసర, ధర్మాబాదు, ఉమ్రి, ముద్‌ఖేడు, నాందేడు. ఆపైన పర్భణీ, జాల్నా, ఔరంగాబాదు. చివర మన్మాడులో బండి మారితే బొంబాయి. ఆ లైను పత్తి బేళ్ళతో పాటు మనుషుల్నీ మోసింది. బొంబాయిలో కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది నిజాం రాజ్యం నుంచి కూలికి పోయిన కామాఠీల వల్లనే. అది రైలుకు ముందటి వలస. తర్వాతి కాలంలో తెలంగాణ నేతగాళ్ళు షోలాపూరు, భివండీ, బొంబాయి పట్టి పోయారు. మిల్లు బట్ట వచ్చాక చేతిమగ్గం మీద ఇల్లు గడవలేదు. మగ్గం విడిచినవాడికి మిల్లు తప్ప వేరే దారి లేదు.

మా తాతది ఆర్మూరు దగ్గర పల్లె. బొంబాయి పోదామని బయలుదేరి నాందేడులోనే దిగిపోయాడు. ఇక్కడ ఉస్మాన్‌షాహీ మిల్లు ఉంది. నేత ఖాతాలో పని దొరికింది. బొంబాయి ఎందుకు పోలేదని నేనడిగితే ఆయన చెప్పిన కారణం ఒక్కటే: "ఇక్కడి నుంచి పొద్దున బండెక్కితే పండుగ పూటకు ఇల్లు చేరొచ్చు." ఇత్వారాలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. మరాఠీ సంతలో నేర్చుకున్నాడు, ఉర్దూ మిల్లు గేటు దగ్గర నేర్చుకున్నాడు. ఇంట్లో మాత్రం తెలుగే. నెలకో కార్డు ఊరికి రాసేవాడు. అక్షరాలు వంకర పోయినా, రాసేది తెలుగులోనే. ఎందుకంటే ఆ కార్డు చదవవలసిన వాళ్ళకు వేరే లిపి రాదు. ఈ కార్డు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఆనాటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు మాట్లాడేవారు దాదాపు సగం మంది, మరాఠీవారు నాలుగో వంతు. కచేరీలలో, పెద్ద చదువుల్లో ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే కొందరు మరాఠీవారు గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది; 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మరాఠీవారు కూడా 1937లో పర్తూరులో మహారాష్ట్ర పరిషత్తు పెట్టుకున్నారు. ఈ కథ ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. ఉర్దూ నీడలో రెండు భాషలూ వాడిపోయినవే. కాని నాందేడు తెలుగువాడి ఇరకాటం చూడండి: అతను ఏ సభకు పోవాలి? భాష జోగిపేటకు రమ్మంటుంది, బతుకుదెరువు పర్తూరు వైపు లాగుతుంది. మా తాత రెంటికీ పోలేదు, మిల్లుకు పోయాడు.

1948 సెప్టెంబరు 17న నిజాం పాలన ముగిసింది. ఎనిమిదేళ్ళకు 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన వచ్చింది. మా అమ్మ వైపు కథ ఇక్కడ మొదలవుతుంది.

అమ్మ పుట్టిల్లు ముధోలు, అత్తిల్లు నాందేడు. పెళ్ళినాటికి రెండూ ఒకటే జిల్లా. అవును, బాసర ఉన్న ముధోలు తాలూకా 1956 వరకు నాందేడు జిల్లాలోనిదే. చట్టం జిల్లాను జిల్లాగా కాక, తాలూకాల లోపలి సర్కిళ్ళ లెక్కన కోసింది. ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్ళు, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అటువైపు ఆదిలాబాదు జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూరు సర్కిలు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాయి. కిన్వట్‌లో మా చినమామ ఇల్లు మారలేదు, పొలం మారలేదు, రాష్ట్రం మారింది. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు పక్కన అటువంటి తెలుగు ఇళ్ళు ఎన్నో. వాళ్ళను వలస వచ్చినవాళ్ళంటే ఎట్లా? వలస పోయింది గీత, మనుషులు కాదు.

అమ్మ ఒకే అత్తింట్లో ఉండి మూడు రాష్ట్రాలు చూసింది: హైదరాబాదు, బొంబాయి, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. పుట్టిల్లు కూడా మూడు చూసింది: హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. ఆమె మాత్రం చివరిదాకా "మా ఊరు పోయొస్తా" అనే అనేది. రాష్ట్రం పేరు ఎత్తేది కాదు.

పునర్విభజనతో పాటే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని దాని సారాంశం. అంతకు ముందే 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: బడిలో నలభై మంది గాని తరగతిలో పదిమంది గాని పిల్లలుంటే వారి భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని. చట్టం మన వైపే ఉంది. కాని పదిమంది పిల్లల తల్లిదండ్రులు కలిసి ఒక అర్జీ మీద సంతకం పెట్టాలి కదా! మా నాన్న చదువు ఉర్దూలో మొదలై మరాఠీలో ముగిసింది. నాది మరాఠీ. తెలుగు అక్షరాలు నాకు తాత పలక మీద దిద్దించినవి. నా పిల్లలకు ఇంగ్లీషు. తెలుగు వాళ్ళకు వినపడుతుంది, మాట్లాడతారు, చదవలేరు.

ఈ నగరంలోనే మనం చూసి నేర్చుకోదగ్గవాళ్ళున్నారు. గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే దేహం చాలించారు. మహారాజా రంజిత్ సింగ్ పూనికతో 1832-37 మధ్య ఇప్పటి గురుద్వారా కట్టడం లేచింది. తరాల క్రితం ఎక్కడి పంజాబు నుంచో దక్కను చేరిన సిక్కు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లలు వీధిలో దక్కనీ హిందీ మాట్లాడతారు, మరాఠీ మాట్లాడతారు. కాని గురుద్వారాలో కూర్చున్నప్పుడు గురుముఖి చదువుతారు. సొంత నేల వెయ్యి మైళ్ళకు పైగా దూరంలో ఉన్నా వాళ్ళ లిపి నిలిచింది. బాసర గుడి రైల్లో కొద్ది స్టేషన్ల దూరంలో ఉన్న మనకు లిపి జారిపోతున్నది. దీన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, లిపిని కాపాడేది దగ్గరతనం కాదు. రోజూ చదవవలసిన అవసరం.

మా తాతకు ఆ అవసరం కార్డు రూపంలో ఉండేది. ఊళ్ళో తల్లి ఎదురుచూసేది కనుక రాశాడు, రాశాడు కనుక చదివాడు. ఫోను వచ్చింది, కార్డు పోయింది. మాట బతికింది గాని అక్షరానికి పని లేకుండా పోయింది. మిల్లు కూడా ఎప్పుడో మూతపడింది. మీటరు గేజి పట్టాలు తీసేసి పెద్ద లైను వేశారు. 2003లో నాందేడు రైల్వే డివిజను కేంద్రమైంది. ఊరు పెరిగి 1997లో మునిసిపల్ కార్పొరేషను అయింది. ఇప్పుడు నిజామాబాదు మా తాత నాటికంటే దగ్గర. తెలుగు పుస్తకం మాత్రం దూరమైంది.

బతుకమ్మ ఆడుతున్నాం, మార్కండేయుడికి మొక్కుతున్నాం, సంతోషమే. పాట నోటితో నిలుస్తుంది. అక్షరం అట్లా నిలవదు, దానికి కన్ను, వేలు రెండూ కావాలి. బడి కోసం అర్జీ పెడదాం, తప్పకుండా పెట్టాలి. అది వచ్చేలోగా చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో ముసలివాళ్ళకు చూపు ఆనదు. ఈ పత్రికలోని ఒక పేజీ రోజూ వాళ్ళకు పైకి చదివి వినిపించే పని మనవడికో మనవరాలికో అప్పజెప్పండి. తప్పులు పోతే వాళ్ళే దిద్దుతారు. ఎదురుచూసే మనిషి ఒకరుంటే పిల్లలు చదువుతారు. కార్డు చేసిన పని అదే.