బోస్టను నుండి కలకత్తాకు వచ్చిన యొక లకోటా

పాత యుత్తరములు దొరికినపుడు చరిత్రకారులు లోని వ్రాతను శ్రద్ధతో చదువుదురు. పైనున్న లకోటాను పరికించువారు తక్కువ. కాని తపాలా బిళ్ల, దానిపై బడిన ముద్ర, చిరునామా, ఈ మూడును ఒక కాగితముపైనే చెదరక నిలిచినపుడు అవి లోని వ్రాతకు దీసిపోని సాక్ష్యము నిచ్చును. 1873వ సంవత్సరమున అమెరికా నుండి మన దేశమునకు వచ్చిన యొక లకోటా యిందుకు నిదర్శనము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దేశమంతటికిని చెల్లు తపాలా బిళ్లలు 1847 జూలై 1వ తేదీన వెలువడినవి. వానిలో అయిదు సెంట్ల బిళ్లపై ఫ్రాంక్లిను, పది సెంట్ల బిళ్లపై వాషింగ్టను ముఖచిత్రము లుండెను. అటుపిమ్మట వెలువడిన బిళ్లలన్నియు ఇట్టి ముఖచిత్రములతోనే సాగినవి. 1869లో మాత్రమొక నూతనమార్గము త్రొక్కబడెను. ఆ యేట వచ్చిన పది తరగతుల బిళ్లలలో గుఱ్ఱముపై నేగు తపాలావాడు, పొగబండి, సముద్రపుటోడ, కొలంబసు తీరమున దిగుట, స్వాతంత్ర్య ప్రకటన మున్నగు చిత్రములు గలవు. చిన్నవిగా నుండిన యీ బిళ్లలు జనులకు నచ్చలేదు. మరుసటి యేడే వానికి బదులు క్రొత్తవి వచ్చినవి. ఈ వరుసలో మిక్కిలి వెలగలది తొంబది సెంట్ల బిళ్ల. ఎఱ్ఱని చట్రము నడుమ నల్లని రంగులో, 1865లో హత్యకు గురియైన లింకను ప్రతిమ దానిపై నున్నది. అంత హెచ్చు రుసుము దూరదేశములకు బోవు బరువైన యుత్తరములకే కావలసియుండెను. విడిబిళ్లలు సేకర్తలయొద్ద గలవు గాని, లకోటాపై నంటియున్నది నేటివరకు తెలిసినంతలో ఒక్కటియే.

ఆ లకోటా 1873 ఆగస్టు 8వ తేదీన బోస్టనులో తపాలాలో వేయబడెను. అప్పటికి 1869 వరుస అమ్మకమున లేదు. అయినను ఆ బిళ్లలు చెల్లుచునేయుండెను. ఇటలీలోని బ్రిండిసీ రేవు మీదుగా ఇండియాకు బోవు ఉత్తరమునకు అరఔన్సు కొకటికి 28 సెంట్లు రుసుము. లకోటాపై తొంబది, పన్నెండు, పది సెంట్ల బిళ్లలు మూడు గలవు. మొత్తము 1 డాలరు 12 సెంట్లు, అనగా సరిగా నాలుగింతల రుసుము. కావున లోని కాగితముల బరువు ఒకటిన్నర ఔన్సుకు మించి రెండౌన్సులకు లోబడి యుండెనని, లోని వ్రాత జూడకయే చెప్పవచ్చును. బిళ్లను విడదీసినచో ఈ లెక్కయంతయు నశించును.

ఇక చిరునామా. కలకత్తాలోని ఐస్ హౌసున నున్న జేమ్సు బాంక్రాఫ్టునకు ఈ యుత్తరము పంపబడెను. బోస్టను వర్తకుడైన ఫ్రెడరికు ట్యూడరు చలికాలమున గడ్డకట్టిన చెఱువుల మంచును కోయించి, ఱంపపుపొట్టులో పొదిగించి ఓడల కెక్కించుచుండెను. 1833 మే నెలలో 180 టన్నుల మంచుతో బయలుదేరిన టస్కనీ యను నోడ సెప్టెంబరులో కలకత్తా చేరునప్పటికి సుమారు 100 టన్నులు కరగక మిగిలెను. చెన్నపట్టణమున 1842లో సముద్రతీరమందు మంచుకొట్టు గట్టబడెను. 1897లో వివేకానందస్వామి బసచేసిన భవన మదియే. ఆ పేట కిప్పటికిని ఐస్ హౌసనియే పేరు. యంత్రములతో మంచుగడ్డ చేయు కర్మాగారములు వచ్చిన పిదప ఈ వర్తక మంతరించినది. ఆ వర్తకము బ్రతికియుండగా నడచిన వ్యవహారమునకు ఈ లకోటా యొక గుర్తు.

ఆ కాలమున బెంగుళూరునకు అమెరికా నుండి యుత్తరము వచ్చుటయు దాదాపీ దారినే. ఓడలపై ఇంగ్లండునకు, రైలుపై బ్రిండిసీకి, ఈజిప్టు మీదుగా బొంబాయికి వచ్చిన సంచులకు, 1871లో రాయచూరు వద్ద రెండు రైలుమార్గములు కలియుటచే దక్షిణమునకు దారి యేర్పడెను. ఆదోని, గుత్తి, కడపల మీదుగా అరక్కోణము, అటనుండి జోలారుపేట, 1864 నుండి రైలు గలిగిన బెంగుళూరు దండు, ఇది వరుస. మైసూరు సంస్థానపు లోపలి యూళ్లకు 1889 వరకు సంస్థానము వారి అంచె తపాలాయు నడచుచుండెను. 1876 జూలై 1వ తేదీన ఇండియా అంతర్జాతీయ తపాలాసమాఖ్యలో చేరెను. ఆ సమాఖ్య నిబంధనలవలన విదేశముల రుసుములు తగ్గి, పై లెక్కవంటిది పూర్వకథయయ్యెను.

ఈ లకోటా 1967లో ఇండియానాపొలిసు నగరమున నొక సేకర్త యింట దొంగిలింపబడి, 2006లో షికాగోలో మరల లభించెను. దొంగ లెత్తుకొనిపోయినది తిరిగివచ్చెను గాని, నీట నానవైచి బిళ్ల నూడదీసిన లకోటా మరల రాదు. తెలుగుసీమకు అమెరికాతో నుత్తర ప్రత్యుత్తరములు నేటివి కావు: అమెరికను బాప్టిస్టులు 1840లో నెల్లూరును, లూథరనులు 1842లో గుంటూరును తమ నెలవులుగా జేసికొనిరి. అటుపిమ్మట చదువునకును ఉద్యోగమునకును ఆ దేశమేగిన తెలుగువారు వ్రాసిన యుత్తరములు అనేక గృహములలో నుండక తప్పదు. బెంగుళూరు తెలుగు కుటుంబముల పెట్టెలలో నున్న యట్టివానిని, బిళ్లలు ఊడదీయక, లకోటాలు విడదీయక, తేదీల వరుసను పొడిచోట దాచుట అవసరము. ఏ లకోటా యే చరిత్రకు సాక్షి యగునో ముందుగా నెఱుగుట కష్టము. 1873లో బోస్టనులో మూడు బిళ్ల లంటించినవా డది యెఱిగి యంటింపలేదు.