బీర్బల్ ఇల్లు ఎవరిది?

అక్బర్-బీర్బల్ లతీఫాలు వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్లలో తక్కువ. మేం ఉర్దూ మీడియంలో చదివాం, మీరు తెలుగులో చదివి ఉంటారు. అందుకే ఫతేపూర్ సిక్రీలో ‘బీర్బల్ ఇల్లు’ అనగానే అందరి కాళ్లూ అటే తిరుగుతాయి.

నాకు ఆ పేరు మీదే పేచీ. ఆ ఇల్లున్న జాగా చూడండి. జోధాబాయి మహల్ పక్కన, జనానా హద్దుల్లో ఉంది. ఎంత దోస్తీ ఉన్నా, ఒక పరాయి మర్దుకు బాద్షా తన హరంసరాలో మకాం ఇస్తాడా? పర్దా తెలిసిన మన నానీ-దాదీలను అడిగినా జవాబు చెప్తారు. అక్బర్ బేగమ్‌లు రుఖయ్యా, సలీమా ఇక్కడ ఉండేవారని కొందరు చరిత్రకారుల అంచనా. పక్కా సబూత్ లేదు.

నక్షా చాలా సాదా. కింద ఒకే కొలతతో నాలుగు చదరపు గదులు, రెండు ముఖమండపాలు. పైన మాత్రం రెండే గదులు, ఎదురెదురు మూలల్లో. మిగతా రెండు మూలలూ మిద్దె. ఎండాకాలం రాత్రులు పడకలు అక్కడే పరిచేవారని నా ఊహ. పై గదుల గుంబద్‌లు రెండు పొరలవి. మధ్యలో ఖాళీ ఉండటంతో పైపొర కాలినా వేడి లోపలికి తొందరగా దిగదు. కూలర్లు లేని రోజుల్లో ఎంత అకల్!

ఇల్లంతా సంగె సుర్ఖ్, అంటే ఎర్ర ఇసుకరాయి. సిక్రీ గుట్టలదే. అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో దాని ధర మణుగుకు 3 దామ్‌లని రాశాడు. అప్పట్లో రూపాయికి 40 దామ్‌లు. ఇంత చవక రాయి మీద కారీగర్లు ఎంత మెహనత్ పెట్టారో! లోపలా బయటా జానెడు జాగా వదలకుండా నక్కాషీ చేశారు, కర్ర చెక్కినట్టు. ఛజ్జాను మోసే బ్రాకెట్లు గుజరాత్, రాజస్థాన్ గుళ్ల పనివాళ్ల చేతివాటం. గోడల మీద తీగలు, నక్షత్రాల లెక్కలు మన మస్జిద్‌లలో కనిపించేవే. గుంబద్ నెత్తిన బోర్లించిన తామర, దానిపై కలశం. ఇది హిందువులదా, ముసల్మాన్లదా అని టీవీలో గొంతు చించుకునేవాళ్లు ఆ బ్రాకెట్‌ను గోడ నుంచి విడదీసి చూపించాలి మరి.

1571లో మొదలైన ఆ షహర్‌ను అక్బర్ 1585లో వదిలి వెళ్లాడు. మరుసటి ఏడే యూసుఫ్‌జయీలతో జంగ్‌లో బీర్బల్ చనిపోయాడు. లాష్ కూడా దొరకలేదు. ఇంటికి ఆయన పేరు అంటుకుంది. అందులో కాపురం చేసిన బేగమ్‌ల పేరు ఏ గైడూ ఎత్తడు.