కార్లెస్ పుయోల్

కార్లెస్ పుయోల్ (జననం: 1978 ఏప్రిల్ 13) స్పెయిన్ దేశానికి చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. రక్షణ శ్రేణిలో ఆడే ఇతడు తన వృత్తి క్రీడాజీవితం మొత్తాన్నీ ఎఫ్.సి. బార్సిలోనా అనే ఒకే క్లబ్బులో గడిపాడు. 1999 నుండి 2014 వరకు ఆ క్లబ్బు మొదటి జట్టు తరఫున 593 అధికారిక మ్యాచ్‌లు ఆడాడు. 2004 నుండి పది సంవత్సరాల పాటు జట్టు నాయకుడిగా వ్యవహరించాడు. స్పెయిన్ జాతీయ జట్టుకు సరిగ్గా 100 మ్యాచ్‌లలో ప్రాతినిధ్యం వహించాడు. 2008 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌ను, 2010 ప్రపంచ కప్పును గెలిచిన జట్లలో సభ్యుడు. 2010 ప్రపంచ కప్పు సెమీఫైనల్‌లో జర్మనీపై నమోదైన ఏకైక గోలు ఇతడు చేసినదే.

ఇతడి పూర్తి పేరు కార్లెస్ పుయోల్ ఇ సఫోర్కాదా. స్పెయిన్‌లో ప్రతి వ్యక్తికీ తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి. కాటలాన్ భాషలో ఆ రెంటి నడుమ "మరియు" అనే అర్థమిచ్చే "ఇ" అనే అక్షరాన్ని చేర్చడం ఆచారం.

బాల్యం

పుయోల్ కాటలోనియాలోని లా పోబ్లా దె సెగుర్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. పిరనీస్ పర్వత పాదాల వద్ద, నొగేరా పల్యరేసా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం ఒకప్పుడు అడవి దుంగలను తెప్పలుగా కట్టి నదిలో దిగువకు నడిపించే తెప్పగాళ్ళకు పేరుపొందింది. ఐరోపా పార్లమెంటు అధ్యక్షుడిగా పనిచేసిన జోసెప్ బొరెల్ జన్మస్థలం కూడా ఇదే.

పుయోల్ మొదట గోల్‌కీపరుగా ఆట ప్రారంభించాడు. భుజానికి తగిలిన దెబ్బల వల్ల ఆ స్థానం వదలి ముందు వరుస ఆటగాడిగా మారాడు. 1995లో, పదిహేడేళ్ళ వయసులో, బార్సిలోనా క్లబ్బు యువ శిక్షణాలయమైన లా మాసియాలో చేరాడు. పది, పన్నెండు ఏళ్ళకే పిల్లలను చేర్చుకునే ఆ సంస్థలో ఇది చాలా ఆలస్యపు ప్రవేశమే. తోటివారు చిన్ననాటి నుండి అభ్యసించిన పాసుల విద్య ఇతడికి అంతగా తెలియదు. అక్కడ మొదట మధ్య వరుసలోను, తరువాత కుడి వైపు రక్షకుడిగాను ఆడాడు. గోలు కాపలా నుండి గోలు కొట్టే స్థానానికి, అక్కడినుండి మధ్యకు, మధ్యనుండి వెనుకకు ఇలా దాదాపు మైదానమంతా చుట్టి వచ్చిన తరువాతనే తన స్థానం దొరికింది.

1998లో ఇతడిని మలగా క్లబ్బుకు అమ్మడానికి బార్సిలోనా అంగీకరించింది. అయితే అదే సమయంలో లా మాసియా స్నేహితుడు జావి మొదటి జట్టులో అడుగుపెట్టడం చూసి, తనకూ అవకాశం రాగలదని నమ్మి పుయోల్ వెళ్ళడానికి నిరాకరించాడు. ఆనాడు ఒప్పుకొని ఉంటే బార్సిలోనా చరిత్రలో ఇతడి పేరు ఉండేదే కాదు.

క్లబ్బు జీవితం

తొలి సంవత్సరాలు

హాలండ్‌కు చెందిన శిక్షకుడు లూయిస్ వాన్ గాల్ 1999 అక్టోబరు 2న రియల్ వల్లదోలిద్‌తో జరిగిన లీగ్ మ్యాచ్‌లో పుయోల్‌ను తొలిసారి దించాడు. ఆ మ్యాచ్‌లో బార్సిలోనా 2–0తో గెలిచింది.

సామాన్య అభిమానికి ఇతడి పేరు తెలిసింది మాత్రం మరుసటి సంవత్సరం. బార్సిలోనా అభిమానుల ఆరాధ్యుడైన పోర్చుగల్ క్రీడాకారుడు లూయిస్ ఫిగో 2000 వేసవిలో బద్ధశత్రువైన రియల్ మాడ్రిడ్‌కు తరలిపోయాడు. అక్టోబరు 21న ఫిగో ప్రత్యర్థి దుస్తులలో క్యాంప్ నౌ మైదానానికి తిరిగివచ్చినపుడు ప్రేక్షకుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. ఫిగోను నీడలా వెంటాడే బాధ్యతను శిక్షకుడు సెర్రా ఫెర్రెర్ ఇరవై రెండేళ్ళ పుయోల్‌కు అప్పగించాడు. ఫిగోకు బంతి దక్కనివ్వకుండా చేసిన ఆ పని బార్సిలోనా 2–0 విజయంలో ముఖ్యభాగమైంది.

క్లబ్బుకు మాత్రం అవి గడ్డు సంవత్సరాలు. 1999 లీగ్ విజయం తరువాత 2005 వరకు బార్సిలోనాకు చెప్పుకోదగిన ట్రోఫీ ఒక్కటీ దక్కలేదు. శిక్షకులు మారారు, అధ్యక్షులు మారారు. ఆ కాలంలో అభిమానులు గుర్తుంచుకున్న దృశ్యాలలో ఒకటి 2002లో లోకోమోటివ్ మాస్కోతో జరిగిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లోనిది. గోల్‌కీపరు బంతిని అందుకోలేకపోగా, ఖాళీ గోలు ముందు నిలబడిన పుయోల్ ఎదురుగా వచ్చిన షాట్‌ను తన ఛాతీతో ఆపాడు. బంతి తగిలినది చొక్కాపై క్లబ్బు చిహ్నం ఉన్న చోట అని అభిమానులు నేటికీ చెప్పుకుంటారు. ఈ కాలంలోనే ఇతడు కుడి వైపు నుండి రక్షణ శ్రేణి మధ్యకు మారాడు.

నాయకత్వం

2004లో లూయిస్ ఎన్రికే ఆట నుండి విరమించిన తరువాత పుయోల్ నాయకుడయ్యాడు. ఫ్రాంక్ రైకార్డ్ శిక్షణలో, రొనాల్డీన్యో వంటి ఆటగాళ్ళతో కూడిన జట్టు 2004–05, 2005–06 లీగ్‌లను వరుసగా గెలిచింది. 2006 మే 17న పారిస్ సమీపంలోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ఆర్సెనల్‌పై 2–1తో నెగ్గి ఛాంపియన్స్ లీగ్ కప్పును అందుకుంది. బార్సిలోనాకు 1992 తరువాత ఐరోపా కిరీటం దక్కడం అదే మొదలు.

అదే సంవత్సరం నవంబరులో ఇతడి తండ్రి పని చేస్తుండగా జరిగిన ప్రమాదంలో మరణించాడు. జట్టు మ్యాచ్ కొరకు ప్రయాణమైన సమయంలో ఈ వార్త తెలిసి పుయోల్ స్వస్థలానికి వెళ్ళిపోయాడు.

2008లో పెప్ గార్డియోలా శిక్షకుడిగా వచ్చిన తరువాత జట్టు ఆటతీరు పూర్తిగా మారింది. 2009 మే 2న రియల్ మాడ్రిడ్ సొంత మైదానమైన బెర్నబెవ్‌లో బార్సిలోనా 6–2తో గెలిచిన మ్యాచ్‌లో జావి కొట్టిన ఫ్రీ కిక్‌ను పుయోల్ తలతో గోలులోకి పంపాడు. కాటలోనియా జెండా చారలున్న తన నాయకత్వపు పట్టీని చేతినుండి తీసి ముద్దుపెట్టుకున్న దృశ్యం ఆ విజయానికి గుర్తుగా నిలిచిపోయింది. మే 27న రోమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు డాని ఆల్వెస్‌పై నిషేధం ఉండటంతో పుయోల్ తన పాత కుడి వైపు స్థానంలో ఆడాడు. బార్సిలోనా 2–0తో గెలిచి, ఒకే సీజనులో లీగ్, కోపా దెల్ రే, ఛాంపియన్స్ లీగ్ మూడింటినీ గెలిచిన తొలి స్పెయిన్ క్లబ్బు అయింది. 2009 ముగిసేసరికి ఆ జట్టు ఆరు ట్రోఫీలు గెలుచుకుంది.

2010–11 సీజనులో మోకాలి గాయం వల్ల ఇతడు చాలా నెలలు ఆటకు దూరమయ్యాడు. తిరిగివచ్చిన కొద్ది రోజులకే ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌పై, ఇతర ఆటగాళ్ళు అందుబాటులో లేనందున, ఎడమ వైపు రక్షకుడిగా ఆడాడు. 2011 మే 28న వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్‌పై 3–1తో గెలిచిన ఫైనల్‌లో చివరి నిమిషాలలో మాత్రమే మైదానంలోకి దిగాడు. కప్పు అందుకోవలసిన సమయంలో తన పట్టీని ఎరిక్ అబిదాల్ చేతికి తొడిగి అతడిని ముందుకు పంపాడు. కాలేయంలో కణితికి అబిదాల్ శస్త్రచికిత్స చేయించుకుని అప్పటికి మూడు నెలలైనా కాలేదు.

ప్రత్యర్థిని అవమానించడాన్ని ఇతడు సహించేవాడు కాదు. 2012లో రాయో వయెకానోపై 7–0తో గెలిచిన మ్యాచ్‌లో గోలు చేసిన తరువాత నృత్యం చేస్తున్న సొంత జట్టు ఆటగాళ్ళు తియాగో, ఆల్వెస్‌ల వద్దకు పరుగెత్తుకు వెళ్ళి ఆపించాడు.

గాయాలు, విరమణ

2012 నుండి పుయోల్ కథ ఎక్కువగా గాయాల కథ. మోకాలి శస్త్రచికిత్స వల్ల ఆ సంవత్సరపు యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో ఆడలేకపోయాడు. అక్టోబరు 2న లిస్బన్‌లో బెన్ఫికాతో జరిగిన మ్యాచ్‌లో నేలపై పడిన తీరుకు ఎడమ మోచేయి కీలు తప్పింది. 2013లో మోకాలికి మరొకసారి శస్త్రచికిత్స జరిగింది. ఎంత కఠిన శిక్షణ తీసుకున్నా మోకాలు సహకరించలేదు.

2014 మార్చి 2న అల్మేరియాపై 4–1తో గెలిచిన మ్యాచ్‌లో ఒక గోలు చేశాడు. అదే ఇతడి చివరి మ్యాచ్. రెండు రోజుల తరువాత, ఒప్పందం ఇంకా రెండు సంవత్సరాలు మిగిలి ఉండగానే, సీజను ముగింపులో క్లబ్బును వీడుతున్నట్లు ప్రకటించాడు. ఆడలేని స్థితిలో జీతం తీసుకుంటూ కూర్చోవడానికి ఇష్టపడని క్రీడాకారులు అరుదు. మే 15న వీడ్కోలు కార్యక్రమం జరిగింది. ఇతడి 5వ నంబరు చొక్కాను తరువాత సెర్జియో బుస్కెట్స్ ధరించాడు.

అంతర్జాతీయ క్రీడాజీవితం

2000 సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో స్పెయిన్ జట్టు సభ్యుడిగా పుయోల్ రజత పతకం సాధించాడు. ఫైనల్‌లో కామెరూన్‌తో 2–2గా ముగిసిన మ్యాచ్‌ను స్పెయిన్ పెనాల్టీలలో ఓడిపోయింది. అదే సంవత్సరం నవంబరు 15న నెదర్లాండ్స్‌తో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌తో సీనియర్ జట్టులో ప్రవేశించాడు.

2002 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో దక్షిణ కొరియా చేతిలో పెనాల్టీలలో ఓటమి, 2004 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో గ్రూపు దశలోనే నిష్క్రమణ, 2006 ప్రపంచ కప్పులో ఫ్రాన్స్ చేతిలో 1–3 తేడాతో ఓటమి. ప్రతిభ ఉండీ గెలవలేని జట్టు అన్న పేరు స్పెయిన్‌కు స్థిరపడిన కాలమిది. 2008లో ఆ పేరు చెరిగింది. ఆ టోర్నమెంటులో పుయోల్, కార్లోస్ మర్చెనా మధ్య రక్షకులుగా నిలిచారు. నాకౌట్ దశలో ఇటలీ, రష్యా, జర్మనీలలో ఏ ఒక్కటీ స్పెయిన్‌పై గోలు చేయలేకపోయింది. జూన్ 29న వియన్నాలో జర్మనీపై 1–0తో గెలిచి, 44 సంవత్సరాల తరువాత స్పెయిన్ ఒక ప్రధాన ట్రోఫీని అందుకుంది.

దక్షిణాఫ్రికాలో జరిగిన 2010 ప్రపంచ కప్పు తొలి మ్యాచ్‌లో స్పెయిన్ స్విట్జర్లాండ్ చేతిలో 0–1తో ఓడింది. అయినా పుయోల్, జెరార్డ్ పికే జంటగా నిలిచిన రక్షణ ఏడు మ్యాచ్‌లలో కేవలం రెండు గోలులు ఇచ్చింది. జూలై 7న డర్బన్‌లో జర్మనీతో జరిగిన సెమీఫైనల్ డెబ్బై నిమిషాలు దాటినా గోలు లేకుండా సాగింది. 73వ నిమిషంలో జావి ఎడమ మూల నుండి కార్నర్ కిక్ కొట్టాడు. వెనుకనుండి పరుగెత్తుకు వచ్చిన పుయోల్ తనకంటే పొడవైన జర్మనీ ఆటగాళ్ళ మీదుగా ఎగిరి తలతో బంతిని గోలులోకి కొట్టాడు. పాసులకు పేరుపొందిన జట్టును తొలిసారి ప్రపంచ కప్పు ఫైనల్‌కు చేర్చినది పాసుల అల్లిక కాదు, ఒక రక్షకుడి తలదెబ్బ. జూలై 11న జొహాన్నెస్‌బర్గ్‌లో అదనపు సమయంలో ఇనియెస్టా చేసిన గోలుతో నెదర్లాండ్స్‌ను ఓడించి స్పెయిన్ తొలిసారి ప్రపంచ విజేత అయింది.

జాతీయ జట్టుకు ఇతడు చేసిన గోలులు మూడే. మొదటిది 2002లో ఉత్తర ఐర్లాండ్‌పై, రెండవది 2008లో ఎస్టోనియాపై. 2013 ఫిబ్రవరిలో దోహాలో ఉరుగ్వేపై ఆడిన నూరవ మ్యాచే చివరిది. అంతర్జాతీయ గుర్తింపు లేని కాటలోనియా జట్టుకు కూడా ఇతడు పలుమార్లు ఆడాడు. కాటలాన్ చారల పట్టీ ధరిస్తూనే స్పెయిన్ చొక్కాలో నూరు మ్యాచ్‌లు ఆడటాన్ని ఇతడు ఎన్నడూ వైరుధ్యంగా చూపలేదు.

ఆటతీరు

మధ్య రక్షకుడికి 178 సెంటీమీటర్ల ఎత్తు తక్కువే. ఆ లోటును ఇతడు ఎగిరే సమయాన్ని కచ్చితంగా ఎంచుకోవడం ద్వారా పూడ్చుకున్నాడు. పాసులు ఇవ్వడంలో పికే వంటి నేర్పు ఇతడికి లేదు. అయితే బార్సిలోనా రక్షణ శ్రేణి మైదానం మధ్యగీత వరకు ముందుకు జరిగి ఆడుతుంది. అందువల్ల రక్షకుల వెనుక చాలా స్థలం ఖాళీగా మిగులుతుంది. బంతి పోయిన మరుక్షణం ఆ ఖాళీలోకి వెనుదిరిగి పరుగెత్తి, ప్రత్యర్థి కాలి నుండి చివరి క్షణంలో బంతిని తప్పించే ఆటగాడు లేకపోతే ఆ పద్ధతి నిలవదు. పుయోల్ చేసినది ఆ పనే. పొడవాటి ఉంగరాల జుట్టు వల్ల పత్రికలు ఇతడిని "టార్జాన్" అని పిలిచేవి.

విజయాలు, పురస్కారాలు

బార్సిలోనాతో పుయోల్ మొత్తం 21 ట్రోఫీలు గెలిచాడు. వీటిలో ఆరు లీగ్ టైటిళ్ళు, మూడు ఛాంపియన్స్ లీగ్‌లు, రెండు కోపా దెల్ రే కప్పులు, ఆరు స్పెయిన్ సూపర్ కప్పులు, రెండేసి ఐరోపా సూపర్ కప్పులు, క్లబ్బు ప్రపంచ కప్పులు ఉన్నాయి. 2005–06 సీజనుకు ఐరోపా క్లబ్బు పోటీలలో ఉత్తమ రక్షకుడిగా ఎంపికయ్యాడు. యు.ఇ.ఎఫ్.ఎ. వార్షిక జట్టులో ఆరు సార్లు చోటు పొందాడు.

విరమణ తరువాత

2014లో ప్రపంచ కప్పు ఫైనల్‌కు ముందు రియో డి జనీరోలోని మరకానా మైదానంలోకి ట్రోఫీని తెచ్చినది పుయోలే. అదే సంవత్సరం బార్సిలోనా క్రీడా సంచాలకుడు ఆండోని జుబిజరెట్టాకు సహాయకుడిగా చేరాడు. 2015 జనవరిలో జుబిజరెట్టాను తొలగించినపుడు తానూ తప్పుకున్నాడు. 2019లో క్లబ్బు మరొక పదవి ఇవ్వజూపినా స్వీకరించలేదు. భారతదేశం ఆతిథ్యమిచ్చిన 2017 అండర్-17 ప్రపంచ కప్పు టికెట్ల అమ్మకాన్ని ప్రారంభించడానికి న్యూఢిల్లీ వచ్చాడు. కోల్‌కతాలో జరిగిన ఆ టోర్నమెంటు ఫైనల్‌లో స్పెయిన్ జట్టు ఇంగ్లండ్ చేతిలో 2–5తో ఓడిపోయింది.