తెలుగు క్రైస్తవ కీర్తనకారులు

తెలుగు సంఘాల ఆరాధన కోసం కీర్తనలు, ప్రార్థనలు రాసిన కవులను తెలుగు క్రైస్తవ కీర్తనకారులు అంటారు. వీరిలో విదేశీ మిషనరీల కంటే దేశీయ బోధకులు, ఉపాధ్యాయులే ఎక్కువ పేరు పొందారు. వారి రచనల్లో ఎన్నదగినవి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంకలనంలో ఉన్నాయి. కోస్తా జిల్లాల్లో వేళ్లూనుకున్న ఈ సంప్రదాయం నేడు హైదరాబాదు తూర్పు భాగంలోని మౌలాలి, నాచారం, ఉప్పల్ ప్రాంతాల సంఘాల్లోనూ వాడుకలో ఉంది.

తొలి రచనలు

తెలుగులో క్రైస్తవ కావ్యరచన మిషన్ బడుల కంటే పాతది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే ప్రబంధంగా చెప్పాడు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనువదించిన ప్రశ్నోత్తర బోధ 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాల్లో అదొకటి. అయితే ఇవి చదువుకునే పుస్తకాలు, గుడిలో అందరూ కలిసి పాడుకునేవి కావు.

లండన్ మిషన్‌కు చెందిన క్రాన్, డి గ్రాంజిస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆ తర్వాత మచిలీపట్నం, నెల్లూరు, గుంటూరు, నరసాపురం ప్రాంతాల్లో వేర్వేరు మిషన్లు స్థిరపడ్డాయి. పాశ్చాత్య బాణీలకు సరిపోయేలా తెనిగించిన పాటలు వాటి ఆరాధనల్లో వినిపించేవి. దీర్ఘాలు, హ్రస్వాలు బాణీకి లొంగక అవి తెలుగువారి నోట ఒక పట్టాన పలకలేదు.

పురుషోత్తం చౌధరి

ఈ ఇబ్బందిని తీర్చిన మహనీయుడు పురుషోత్తం చౌధరి (1803–1890). ఆయన గంజాం ప్రాంతంలోని తర్లాకోట జమీందారీలో, వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. సంస్కృతాంధ్రాలు చదువుకున్నాడు. మత విషయాల్లో సంశయాలతో ఉన్న రోజుల్లో ఒక క్రైస్తవ కరపత్రం ఆయన చేతికందింది. విశాఖపట్నం మిషన్ వారితో పరిచయం పెరిగాక, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. తరువాతి అర్ధశతాబ్దానికి పైగా బోధకుడిగా గడిపాడు.

ఆయన కీర్తనలు సుమారు 130 అని లెక్క. పల్లవి, చరణాలు, రాగతాళాలు భజన గోష్ఠుల నుంచి వచ్చినవే. వస్తువు మాత్రం సువార్త. సిలువ శ్రమలు, పాపి పశ్చాత్తాపం, శరణాగతి ఆయనకు ఇష్టమైన అంశాలు. తన్ను తాను నిందించుకుంటూ ప్రభువును కరుణించమని వేడుకునే భక్తుడి గొంతు వాటిలో వినిపిస్తుంది. భద్రాచల రామదాసు కీర్తనలు విన్న చెవికి ఆ గొంతు కొత్తగా తోచదు. పండితుడై ఉండి కూడా, చదువు రానివారు ఒకసారి విని పట్టుకోగల మాటలు వాడటం ఆయన గొప్పతనం. ‘నిస్తార రత్నాకరము’, ‘కులాచార పరీక్ష’ ఆయన ఇతర రచనలు. రెండోది కులభేదాలను నేరుగా విమర్శిస్తుంది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు

చౌధరి బాటలో పులిపాక జగన్నాథం, పంతగాని పరదేశి, చెట్టి భానుమూర్తి తదితరులు కీర్తనలు రాశారు. లూథరన్, బాప్తిస్టు, ఆంగ్లికన్ సంఘాలు సిద్ధాంతాల్లో వేరైనా, వారి కీర్తనలు ఒకే పుస్తకంలోకి చేరాయి. ఆ పుస్తకంలో కీర్తన పైన సంఖ్య, దాని పక్కన రాగం, తాళం పేర్లు ఉంటాయి. చరణం చివర నిలువు గీతల మధ్య పల్లవి తొలిమాట, అడుగున కవి పేరు అచ్చువేస్తారు. సంఘంలో పాటను సంఖ్యతో పిలవడం మామూలు. ‘అయ్యగారు’ (సంఘ కాపరి) నంబరు చెప్పగానే హార్మోనియం శ్రుతి అందుకుంటుంది.

ఇరవయ్యో శతాబ్దం

ముంగమూరి దేవదాసు (మరణం 1960) లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించాడు. 1938 జనవరి 31న ఆ పేరు బంగారు అక్షరాలతో గాలిలో ఆయనకు కనిపించిందని మిషను సంప్రదాయం చెబుతుంది. మౌనంగా కనిపెట్టే సన్నిధి కూటాలు, ఉపవాస ప్రార్థనలు ఆయన బోధలో ప్రధానం. కీర్తనలతో పాటు ప్రార్థనలు కూడా రాసిన అరుదైన రచయిత ఆయన.

బాప్తిస్టు బోధకుడు ఆచార్య ఎ.బి. మాసిలామణి (1914–1990) రాసిన ‘నడిపించు నా నావ’ లూకా సువార్త 5వ అధ్యాయంలోని చేపలు పట్టే ఘట్టం మీద ఆధారపడింది. కవిత్వంలో గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అది ఆరాధన కోసం రాసింది కాకపోయినా, క్రైస్తవ వస్తువుకు తెలుగు సాహిత్యంలో గౌరవస్థానం తెచ్చింది.

రెండో వాటికన్ మహాసభ (1962–65) తరువాత కేథలిక్ పూజ తెలుగులోకి మారింది, పాటలూ పెరిగాయి. శతాబ్దం చివర్లో కేసెట్లు రావడంతో గుంటూరు హోసన్నా మందిరం యేసన్న వంటివారి పాటలు ఊరూరా చేరాయి.

మౌలాలి, నాచారం, ఉప్పల్

ఈ ప్రాంతాలున్న నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ 19వ శతాబ్దం చివర్లో సికింద్రాబాదు కేంద్రంగా మొదలై మెదక్ వైపు విస్తరించింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ సంఘాలు మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. ముషీరాబాదులోని హెబ్రోను కేంద్రంగా సువార్తికుడు భక్త సింగ్ (1903–2000) నడిపిన సహవాసాలకు ‘సీయోను గీతములు’ అనే వేరే పుస్తకం ఉంది. ఉప్పల్ దాపున రామంతాపూర్‌లో కేథలిక్ గురువిద్యాలయం ఉంది.

మౌలాలి రైల్వే కాలనీలకు, నాచారం పారిశ్రామికవాడకు వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు తమ పాటల పుస్తకాలను వెంట తెచ్చుకున్నాయి. అందువల్ల ఒకే వీధిలో ఒక ఇంట ఆంధ్ర క్రైస్తవ కీర్తన, పక్కింట సీయోను గీతం, యువత కూటంలో కీబోర్డు మీద కొత్త పాట వినిపించడం ఇక్కడ సాధారణం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో మాత్రం పాత కీర్తనలదే పైచేయి.

అధ్యయనాలు

ఈ కీర్తనల్లోని భక్తి వేదాంతంపై ఆర్.ఆర్. సుందరరావు ఆంగ్లంలో రాసిన గ్రంథం 1983లో వెలువడింది. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ద్వారా రావెల జోసఫ్ తదితరులు తెలుగు క్రైస్తవ రచనల సూచీ తయారుచేశారు. తెలుగు సాహిత్య చరిత్రలు జాషువాకు అధ్యాయాలు కేటాయించినా, చౌధరికి దక్కే చోటు కొన్ని వాక్యాలే. ఆయన పాఠకుల కంటే ఆయన పాటలు పాడేవారి సంఖ్యే నేటికీ ఎక్కువ.