ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్

తనలో జాతి వివక్ష లేదని మనస్ఫూర్తిగా నమ్మే మనిషిలో కూడా ఒక జాతి వైపు మొగ్గు ఉందేమో చూసేందుకు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన కంప్యూటర్ పరీక్ష ఇది. పొట్టిగా ఐఏటీ అంటారు. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, డెబీ మెక్‌గీ, జోర్డన్ ష్వార్ట్జ్ 1998లో దీన్ని ఒక పరిశోధన పత్రంలో ప్రకటించారు. అదే ఏడాది గ్రీన్‌వాల్డ్, మహ్‌జరీన్ బనాజీ, బ్రయన్ నోసెక్ కలిసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. జాతితో మొదలుపెట్టి చర్మం రంగు, వయసు, స్త్రీ పురుష భేదం, వైకల్యం వంటి వాటికీ విడివిడి పరీక్షలు ఉన్నాయి.

జాతి పరీక్షలో తెర మీద తెల్లవారి, నల్లవారి ముఖాలు, మంచినీ చెడునూ సూచించే మాటలు ఒక్కొక్కటిగా వస్తాయి. తెల్ల ముఖమో మంచి మాటో వస్తే ఒక మీట, నల్ల ముఖమో చెడు మాటో వస్తే ఇంకో మీట నొక్కాలి. కాసేపటికి జతలు మారతాయి: నల్ల ముఖానికీ మంచి మాటకూ ఒకే మీట. చాలామంది వేళ్లు తడబడేది ఇక్కడే. రెండు దశల మధ్య మిల్లీసెకన్లలో వచ్చే తేడానే ఫలితం. ఆలోచించి మర్యాదైన జవాబు వెతుక్కునే వ్యవధి ఉండదు. అమెరికాలో ఈ పరీక్ష తీసుకున్న తెల్లవారిలో ఎక్కువమంది తెల్లవారి వైపే మొగ్గారు. నల్లవారి ఫలితాలు అలా ఒకే వైపు ఒరగలేదు.

బనాజీ సికింద్రాబాద్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. నిజాం కాలేజీలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లి, యేల్‌లోనూ ఆ తర్వాత హార్వర్డ్‌లోనూ ఆచార్యులయ్యారు. తన పరీక్షలో తానే తప్పానని, తెల్లవారి వైపు మొగ్గు తనకూ వచ్చిందని ఆవిడ బహిరంగంగానే చెప్పారు. గ్రీన్‌వాల్డ్‌తో కలిసి 2013లో వెలువరించిన 'బ్లైండ్‌స్పాట్' పుస్తకం ఉపశీర్షికలో 'మంచి మనుషులు' అనే మాట ఉండడానికి కారణం ఇదే అనిపిస్తుంది.

విమర్శలు తక్కువేం కాదు. ఒకే మనిషి రెండోసారి పరీక్ష తీసుకుంటే ఫలితం మారిపోవచ్చు. పరీక్షలో కనిపించిన మొగ్గుకూ ఆ మనిషి నిజంగా చేసే పనికీ ఉన్న సంబంధం బలహీనమని 2013లో, అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. కాబట్టి ఎవరినైనా జాత్యహంకారి అని ముద్ర వేయడానికో, ఉద్యోగం ఇవ్వాలా వద్దా తేల్చడానికో ఇది పనికిరాదు. రూపకర్తలు కూడా అదే హెచ్చరిక చేశారు. వేలమంది సగటు గురించి చెప్పడంలోనే దీని బలం.

సమాజంలోని వివక్షను పట్టుకోవడానికి మనసులోకి తొంగిచూడనక్కర్లేని పద్ధతి ఒకటుంది. మరియాన్ బెర్ట్రండ్, సెంధిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపారు. అర్హతలు ఒకే తీరువి, పేర్లు మాత్రం వేరు. తెల్లవారి పేరున్న దరఖాస్తులు పది పంపితే ఒక పిలుపు వచ్చింది. నల్లవారి పేరుంటే పదిహేను పంపాల్సి వచ్చింది. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. ఆ పేర్లను పక్కన పడేసిన వాళ్లలో ఎంతమంది తమను తాము జాత్యహంకారులం అనుకుని ఉంటారు?

తెలుసుకున్నంత మాత్రాన మొగ్గు పోదు. అప్పటికప్పుడు మొగ్గును తగ్గించగలిగిన 9 పద్ధతులను 2016లో మళ్లీ పరీక్షిస్తే, ఏ ఒక్కదాని ప్రభావమూ కొన్ని గంటలకో కొద్ది రోజులకో మించి నిలవలేదు. ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్‌లో ఒకరి కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు అరెస్టు చేశాక, 2018 మే 29న ఆ సంస్థ అమెరికాలో 8,000కు పైగా దుకాణాలను మధ్యాహ్నం మూసి సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. ఒక పూట పాఠంతో అలవాట్లు మారతాయని ఆశించడం కష్టం. అంతకుముందే ఆ సంస్థ చేసిన ఇంకో మార్పుకు ఎక్కువ విలువ ఉండేది: ఏమీ కొనకపోయినా దుకాణంలో కూర్చోవచ్చన్న, 2025 జనవరి వరకు అమల్లో ఉన్న నిబంధన. ఎవరిని వెళ్లగొట్టాలో ఉద్యోగి ఊహకు వదిలేయడం దాంతో తగ్గింది.

నెక్స్ట్‌డోర్ అనే ఇరుగుపొరుగు వేదిక కూడా ఇదే దారి పట్టింది. 'అనుమానాస్పద వ్యక్తి' అంటూ నల్లవారి మీద ఫిర్యాదులు వస్తున్నాయని ఓక్‌లండ్‌లో విమర్శలు రేగడంతో ఫిర్యాదు పత్రాన్నే మార్చింది. ఆ మనిషి ఏం చేశాడో ముందు రాయాలి; జాతి రాస్తే బట్టలు, జుట్టు వంటి ఇతర గుర్తులూ రాయాలి. జాతిని చూసి పెట్టే ఫిర్యాదులు 75 శాతం తగ్గాయన్నది సంస్థ చెప్పుకున్న లెక్క.

ఇంటర్నెట్‌లో పోగైన ఫలితాలను టెస్సా చార్ల్స్‌వర్త్, బనాజీ 2019లో విశ్లేషించారు. 2007, 2016 మధ్య అమెరికాలో జాతి విషయంలో మొగ్గు సుమారు 17 శాతం, చర్మం రంగు విషయంలో సుమారు 15 శాతం తగ్గింది. తెలుగువాళ్లు ముందుగా తీసుకోవాల్సింది ఈ రంగు పరీక్షేనేమో. తెల్లని కోడలి కోసం వెతికే పెళ్లి ప్రకటనలకు మన దగ్గర కొదవ లేదు. 1975 నుంచి అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా మారింది కానీ బజారు నుంచి పోలేదు. అదే విశ్లేషణలో ముసలివాళ్లకూ వైకల్యం ఉన్నవాళ్లకూ వ్యతిరేకమైన మొగ్గు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది.