తాళం నీ జేబులో

కప్పు అంచు పెదవికి చురుక్కుమంటుంది. అయినా ఆగలేవు. శనివారం సాయంత్రం ఐదున్నర. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ ముందు నిలబడే చోటు కోసం భుజాలతో తోసుకుంటున్నావు. మక్కా మసీదు మీంచి పావురాలు గుంపుగా లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. నీ అరచేతిలో రెండు ఉస్మానియా బిస్కెట్లు. నాలుక మీద ముందు ఉప్పు, ఆ వెనక తీపి, చివర్లో వెన్న. చాయ్‌లో ముంచి ఒక్క క్షణం ఎక్కువ ఉంచావా, విరిగి అడుక్కి జారిపోతుంది. కడప వాడిది అప్పుడే జారింది. వేలు పెట్టి తీసుకుంటున్నాడు.

ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి నెలకే మీ నలుగురి అసలు పేర్లూ పోయాయి. వాడు కడప. లెక్కలు చెప్పేవాడు వరంగల్. చున్నీ బిస్కెట్ పొడిలో పడకుండా పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి ఏలూరు. నువ్వు నల్గొండ. ఏడాదైంది నలుగురూ ఒక్కచోట చేరి. అందుకే ఈ శనాదివారాలు ఏం జరిగినా సరే అనుకుని వచ్చావు.

ఇంట్లో ఎంత మరిగించినా ఈ రుచి ఎందుకు రాదో కౌంటర్ వెనక్కి తొంగి చూస్తే తెలుస్తుంది. ఒక పాత్రలో డికాక్షన్, ఆవిరి పోకుండా మూత బిగించి, గంటల తరబడి సన్న మంట మీద ఉంది. ఇంకో పాత్రలో పాలు, మీగడ కట్టేంత చిక్కగా. రెండూ కలిసేది కప్పులోనే. నీళ్లూ పాలూ ఆకూ ఒకే గిన్నెలో వేసి పొంగించే మన అలవాటుతో అది కుదిరే పని కాదు.

కారు పత్తర్‌గట్టీ అవతల ఎక్కడో పెట్టారు. కడప కొత్త కారు. ఐదేళ్ల కిస్తీల్లో నాలుగు మాత్రమే కట్టాడు. లాడ్ బజార్లో గాజుల దగ్గర ఏలూరు ఆగిపోయింది. ఆమె కోసం ఇరవై నిమిషాలు నిలబడతారు. ఆ తర్వాత చార్ కమాన్ కింద, గుల్జార్ హౌజ్ దాటి నడుస్తుంటే అత్తరు వాసన వెంటపడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే చార్మినార్‌కి దీపాలు వెలిగాయి. 1591 నుంచి అక్కడే ఉన్నా, దీపాలు వెలగ్గానే అందరూ ఫోన్లు ఎత్తుతారు. నువ్వూ ఎత్తుతావు.

ఎనిమిదికి మదీనా వైపు బిర్యానీ. "క్యా హోనా?" అంటాడు వెయిటర్, మీ మొహాలు చూడకుండానే. వరంగల్ నలుగురికీ చెప్పేస్తాడు. ప్లేటు బల్ల మీద పడగానే ముందు ఆవిరి కొడుతుంది. వేళ్లతో అన్నం విడదీస్తే పైన తెల్లగా, మధ్యలో కుంకుమపువ్వు రంగు, అడుగున మసాలా పట్టి తడిగా. ముక్కని ఎముక నుంచి లాగక్కర్లేదు, దానంతటదే విడిపోతుంది. పచ్చి మాంసానికే పెరుగూ మసాలాలూ పట్టించి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, గోధుమపిండితో మూత అతికించి వండే కచ్చీ బిర్యానీ ఇది. మంట కాస్త ఎక్కువైతే అడుగు మాడుతుంది. తక్కువైతే ముక్క పచ్చిగా మిగులుతుంది. మూత తీసేదాకా ఏమైందీ తెలియదు.

"నేను తక్కువ తింటాండా. అక్కడ తాగల్ల గదా" అంటాడు కడప, సగం ప్లేటు నెట్టేస్తూ.

ఆ మాట అప్పుడు నీకు పట్టదు.

పదింటికి జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 36. మెట్రో స్తంభాల వరస, వాటి కింద కార్ల వరస. పబ్బు గుమ్మం దగ్గర బౌన్సర్ మిమ్మల్ని లెక్కపెడతాడు. ముగ్గురు మగవాళ్లు, ఒక అమ్మాయి. తల అడ్డంగా ఊపుతాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేసి సరే అంటాడు. "నన్ను టికెట్‌లా చూపించి లోపలికొస్తున్నార్రా మీరు" అంటుంది ఏలూరు. నవ్వుతూనే అంటుంది గానీ, నవ్వాల్సిన మాట కాదు. మణికట్టు మీద ముద్ర పడుతుంది. లోపల పాట చెవిలోంచి కాదు, పక్కటెముకల్లోంచి వస్తుంది. పాత తెలుగు పాట ఒకటి రీమిక్స్‌లో పడగానే ఐటీ మేనేజర్లంతా పెళ్లి ఊరేగింపు డాన్సు మొదలుపెడతారు. నువ్వు కూడా. సిగ్గు లేదు, చొక్కా తడిసిపోయింది, హాయిగా ఉంది.

నీది ఒకటిన్నర బీరు. ఏలూరుది నిమ్మ సోడా. వరంగల్ ఎన్ని తాగాడో లెక్కే లేదు. కడప నాలుగో లార్జ్ పైకెత్తి నీకు చూపిస్తాడు.

ఒంటిగంటకి లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి. అందరి మొహాలూ పదేళ్లు పెద్దవైపోతాయి. నలుగురూ బయటికొస్తారు.

క్యాబ్ యాప్ తెరుస్తావు. మామూలు రేటుకి మూడింతలు. సరే అని నొక్కితే ఒకడు ఒప్పుకుంటాడు, రెండు నిమిషాల్లో రద్దు చేస్తాడు. ఇంకొకడూ అంతే. ఈలోగా వ్యాలే కుర్రాడు కారు తెచ్చి ఆపుతాడు. దిగి, దగ్గర్లో ఉన్నది నువ్వే కాబట్టి తాళం నీ వైపే చాస్తాడు.

ఇదిగో, ఇక్కడ.

నీ చెయ్యి లేచింది. వేళ్లు ముడిస్తే చాలు. కానీ కారు వాడిది. అమ్మానాన్నల్ని కూచోబెట్టి తిప్పుదామని కొనుక్కున్న కారు. ఇంతమంది ముందు "నువ్వు నడపొద్దు" అని ఎలా అంటావు? నువ్వు ఆలోచించేలోపు కడప చెయ్యి నీ చేతిని దాటి తాళం అందుకుంటుంది.

"కూచోండప్పా. నాకేం గాలా."

నువ్వు కూచుంటావు. ముందు సీట్లో. భయం లేక కాదు, మొహమాటం. ఏలూరు వెనక కూచుని బెల్టు పెట్టుకుంటుంది. టక్కుమన్న ఆ చప్పుడు నీకు గట్టిగా వినిపిస్తుంది.

కారు కదులుతుంది. బాగానే పోతోంది. నిజానికి మరీ బాగా పోతోంది. రోడ్డు ఖాళీ. మెట్రో స్తంభాలు ఒకటి, ఒకటి, ఒకటి. వాటి మధ్య ఎడం తగ్గుతోంది. స్పీడోమీటర్ వైపు చూడకూడదనుకుంటూనే చూస్తావు. 70.

"నెమ్మదిరా బాబూ" అంటుంది ఏలూరు.

"రోడ్డు మనదే" అంటాడు. అని, ఆమెని చూడ్డానికి తల తిప్పుతాడు.

తల తిప్పాడు.

ఎడమ సందులోంచి ఒక బైకు. వెనక చదరపు సంచి. లైటు నీ మోకాళ్ల మీద పడుతుంది.

"రేయ్!"

బ్రేకు. బెల్టు ఛాతీని కోస్తుంది. టైర్ల అరుపు. బైకు వంకర తిరిగింది. పడింది. జారింది. ఆగింది.

నిశ్శబ్దం.

తగల్లేదు. మూరెడు దూరంలో తప్పింది. నీ నోట్లో ఇనుము రుచి.

"తగల్లే గదా!" కడప గొంతు వణుకుతోంది. "పోదాం పాండి. ఎవురూ చూళ్లే."

గేరు మీద వాడి చెయ్యి.

ఈసారి ఆలోచించవు. చెయ్యి చాచి తాళం తిప్పుతావు. ఇంజిన్ చస్తుంది. తాళం లాగేసి పిడికిట్లో పెట్టుకుంటావు.

"నా బండి తాళం నువ్వెవడ్రా తీసేదానికి?"

జవాబు చెప్పవు. దిగుతావు.

ఆ కుర్రాడికి ఇరవై దాటి ఉండవు. లేచి నిలబడ్డాడు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి లోపల ఎర్రగా కనిపిస్తోంది. అది చూసుకోడు. సంచి మూత తెరిచి లోపల చూస్తున్నాడు. డబ్బా పగిలింది. నారింజ రంగు గ్రేవీ జిప్పు సందులోంచి రోడ్డు మీదకి సన్నగా కారుతోంది.

"ఆర్డర్ పోయిందన్నా" అంటాడు నీతో. తప్పు తనదే అన్నట్టు.

వరంగల్‌కి మత్తు ఎటు పోయిందో. సీసా నీళ్లు తెచ్చి మోకాలు కడుగుతాడు. "నూట ఎనిమిదికి కొట్టాల్నా తమ్మీ? తల తాకిందా? కండ్లు తిరుగుతున్నయా?" హెల్మెట్ ఉంది. గీతలు దాని మీదే పడ్డాయి. ఏలూరు ఫోను టార్చి వేసుకుని డివైడర్ పక్కన దేనికోసమో వెతుకుతోంది. కుర్రాడి చెప్పు. ఒక కాలికే ఉంది.

అతను కాళ్లూ చేతులూ ఆడించి చూసుకుంటాడు. ఆసుపత్రి వద్దంటాడు. కస్టమర్‌కి ఫోన్ చేసి, ఈ రాత్రివేళ, క్షమాపణ చెప్పుకుంటాడు. వరంగల్ అతని చేతిలో డబ్బులు పెడతాడు. బైకు మూడో కిక్కుకి అందుకుంటుంది.

ఇక కారు. నడి రోడ్డు మీద నిలబడి ఉంది. ముగ్గురు తాగినవాళ్లు, ఒకరికి స్కూటీ తప్ప రాదు. చివరికి ఏలూరు స్టీరింగ్ పట్టుకుంటుంది. నువ్వూ వరంగల్ వెనకనుంచి తోస్తారు. చచ్చీ చెడీ ఒక సందులోకి, గోడ వారగా. కడప తన కారులోనే వెనక సీట్లో మొహం చేతుల్లో పెట్టుకుని కూచున్నాడు. వాణ్ణి కూడా కలిపి తోస్తున్నారు.

"ఐదొందలియ్యి అన్నా, అచ్చేటప్పుడు ఖాళీ రావాలె" అంటాడు ఆటో అతను. బేరం ఆడవు. నలుగురూ ఇరుక్కుని కూచుంటారు.

నాలుగు వందల మీటర్లు కూడా పోకముందే ఎర్రా నీలం దీపాలు. బారికేడ్లు. మిమ్మల్ని ఆపరు, పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపుతారు. ఆటో నెమ్మదిస్తే అంతా దగ్గర్నుంచి కనిపిస్తుంది. మంచి చొక్కా వేసుకున్న ఒకాయన గొట్టం ఊదుతున్నాడు. బుగ్గలు ఉబ్బించి, గాలి మాత్రం వదలట్లేదు. పోలీసాయనకి ఈ వేషం కొత్త కాదు, మళ్లీ ఊదమంటాడు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి అక్కడే దిగి ఇచ్చెయ్యాలి. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంతకుముందు ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కి రావాలి. పక్కన ఇంకొకడు ఫోన్లో "నాన్నా" అంటున్నాడు, ఆ తర్వాత మాట రావట్లేదు.

"పక్కన కూసున్నోడి మీద గూడ కేసు పెట్టొచ్చు" అంటాడు వరంగల్ మెల్లగా. "185 తాగి నడిపినోడికి. 188 వాన్ని ప్రోత్సహించినోడికి. శిక్ష ఒక్కటే." నీ చేతిలో తాళం చెమటకి తడిసింది.

మూడున్నర. మొజంజాహీ మార్కెట్. రాతి గడియార స్తంభం కింద ఊరంతా నిద్రపోతుంటే, రామ్ కీ బండీ దగ్గర మాత్రం తిరునాళ్ల. పెనం మీద చీపురుతో నీళ్లు చిమ్మితే బుస్సుమంటుంది. పిండి, దాని మీద ఉప్మా, ఉల్లి, టమాటా, చారెడు వెన్న. అన్నీ గరిటెతో అక్కడే మెదిపి, దోసె అంతా పరిచేస్తున్నాడు. అర్ధరాత్రి షిఫ్టు వాళ్లు, పోలీసులు, పెళ్లి బట్టల్లో ఒక కుటుంబం, మీరు. అందరూ నిలబడే తింటున్నారు.

కడప దోసె తుంచుతున్నాడు, తినట్లేదు. నిమ్మ సోడా ఒకటి తాగాడు, ఇంకొకటి తెప్పించుకున్నాడు. ఇది తాగితే మత్తు దిగిపోదా? దిగదు. వరంగల్ వేళ్ల మీద లెక్కేస్తాడు. ఒక లార్జ్ 60 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని రాసుంటుంది. అంటే ఒక్కో లార్జ్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్. నాలుగింటికి 80. కాలేయం గంటకి కరిగించేది ఏడు నుంచి పది గ్రాములు. కాఫీ పోసినా, చన్నీళ్లు గుమ్మరించినా దాని వేగం దానిదే.

కడప చెయ్యి చాస్తాడు. అరచెయ్యి పైకి. అడగడు, ఊరికే చాస్తాడు.

నువ్వు జేబు మీద చెయ్యి వేసుకుంటావు.

"పదింటికి" అంటావు. "పొద్దున పదింటికి. అమీర్‌పేటలో మెట్రో మారి నేనే తీసుకెళ్తా."

వాడి చెయ్యి కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత ప్లేటు మీదకి పోతుంది. ఎవ్వరూ మాట్లాడరు. పెనం మీద ఇంకో వాయి బుస్సుమంటుంది. గడియార స్తంభం వెనక ఆకాశం ఇంకా నల్లగానే ఉంది.

"ఆ పిల్లోని చెప్పు" అంటాడు కడప, తల ఎత్తకుండా. "దొరికిందా?"

"దొరికింది" అంటుంది ఏలూరు.